పరిహారమా? రక్షణమా?



మనము ప్రతిదినమును ప్రార్థనకు కూర్చుండి "ప్రభూ, రక్షింపుము" అని వేడుకొనుచున్నాము. తండ్రి వ్యాధిగ్రస్తుడైనను, కుమారుడు పరీక్షకు పోవుచున్నను, వాన కురియకున్నను, మితిమీరి కురిసినను మన నోట వచ్చునది యీ యొక్క మాటయే. కాని రక్షణమనగా నేమని మనలో నెందరు విచారించితిమి? అడుగువానికి తానేమి యడుగుచున్నాడో తెలియనప్పుడు అది లభించినను లభించినట్లు తెలియదు. లభింపకున్నను లోపమెచ్చట నున్నదో తెలియదు. కావున నేడు మేము కొన్ని మాటల యర్థములను మీ యెదుట నుంచ దలచితిమి. నిఘంటువును చదివి వినిపించుట మా యుద్దేశము కాదు. మాట యొక్క మూలమును త్రవ్వి చూచినచో మనస్సు యొక్క మూలము కొంత కానవచ్చునని మా నమ్మకము.

మొదట "పరిహారము" అను మాటను తీసికొందము. ఇది మనకు మిక్కిలి పరిచితమైనది. కారు క్రింద పడి కాలు విరిగినవాడు న్యాయస్థానమున కోరునది పరిహారము. జాతకమున దోషమున్నదని జ్యోతిష్కుడు చెప్పగా, దానికి చేయించు శాంతి దోషపరిహారము. సభలో నొకడు సంశయము వెల్లడింపగా మరియొకడు చెప్పు సమాధానము శంకాపరిహారము. ఈ మూడింటికిని మూలమొక్కటియే. "హృ" యనగా తీసికొనిపోవుట. "పరి" యనగా చుట్టును. చుట్టు తిరిగి పోవుట, దరికి చేరకుండ తొలగి పోవుట, విడిచిపెట్టుట అనునవి యీ మాట యొక్క తొలి యర్థములు. రాజుల కాలమున నీ మాటకు మరియొక నిశ్చితమైన యర్థము గలదు. ఒక భూమికి గాని గ్రామమునకు గాని రాజు చేయు మినహాయింపునకు పరిహారమని పేరు. ఇతరులు మోయుచున్న భారమును నీవు మోయనక్కరలేదని రాజు పలుకుటయే పరిహారము.

నాసికాపురము చెంత నున్న కొండగుహలో శాతవాహనుడైన గౌతమీపుత్ర శాతకర్ణి తన పదునెనిమిదవ రాజ్యసంవత్సరమున వ్రాయించిన ప్రాకృత శాసనమొకటి నేటికిని నిలిచియున్నది. కొండపై నున్న సన్న్యాసులకు రాజు 200 నివర్తనముల పొలము నిచ్చి, దానికి పరిహారములను గూడ నిచ్చెను. ఆ పొలమున రాజోద్యోగులు ప్రవేశింపరాదు, దానిని తాకరాదు, ఉప్పునకై త్రవ్వరాదు, సీమ యధికారులు దాని జోలికి పోరాదు. ఆ తరువాత కొన్ని శతాబ్దములకు, పల్లవ యువమహారాజగు శివస్కందవర్మ కంచినుండి ధాన్యకటకమునందలి తన యధికారికి పంపిన యాజ్ఞ రాగిరేకులపై చెక్కబడి, మన గుంటూరు సీమలోని మైదవోలున దొరకినది. అది విరిపర యను గ్రామమును దానము చేయుచు నిట్టి పరిహారములనే మరికొంత విపులముగా చెప్పుచున్నది. ఆ యూర ఉప్పు త్రవ్వరాదు; భటులు చొరరాదు; వచ్చిపోవు రాజసేవకులకు వండిన యన్నము గాని, కుండలు గాని, మంచములు గాని, బసలు గాని గ్రామస్థులను అడుగరాదు.

ఈ జాబితాను చరిత్రకారులు దానగ్రహీత వైపునుండి చదువుచు రాజు యొక్క యౌదార్యమును మెచ్చుకొందురు. మేము మిమ్మొక్కసారి దానిని తలక్రిందుగా చదువుమని కోరుచున్నాము. ఒక గ్రామమున భటులు చొరరాదని వ్రాయవలసి వచ్చినదనగా, తక్కిన గ్రామములలో భటులు చొచ్చుచుండిరని యర్థము. ఒక యూర అన్నము, మంచము అడుగరాదనగా, ప్రక్క యూర నడుగుచుండిరని యర్థము. ఆ భటులకు అన్నము మానలేదు, నిద్ర మానలేదు. విరిపరలో లభింపని కూడును, మంచమును వారు మరియొక పల్లెలో సంపాదించుకొనియే యుందురు. పరిహారశాసనము ఒకరి భాగ్యమును చెప్పునది. దానినే తిరుగవేసిన నది పదిమంది దౌర్భాగ్యముల పట్టిక.

నాసికా గుహలోనే మరియొక శాసనమున్నది. అది యిరువదినాలుగవ సంవత్సరమున వ్రాయబడినది. పూర్వము సన్న్యాసుల కిచ్చిన పొలము దున్నబడుట లేదనియు, ఆ యూర జనులే లేరనియు, అందుచేత పట్టణపు పొలిమేరలోని రాచభూమినుండి 100 నివర్తనములు వారికి క్రొత్తగా నిచ్చుచున్నామనియు దాని సారాంశము. సోదరులారా, మాకీ చిన్న శాసనము పెద్ద ధర్మోపదేశమువలె తోచుచున్నది. ఆ పొలమునకు సమస్త పరిహారములు కలవు. ఎవ్వరును తాకరాదన్నారు; ఎవ్వరును తాకలేదు. అది బీడు పడెను! మినహాయింపులన్నియు నుండి, దున్నువాడు లేనిచో చేనునకు కలుగు గతి యిదియే. మానవజీవితమునకును ఇంతకంటె వేరు గతి లేదు.

ఇక నీ మాట యొక్క పర్యాయపదములను చూతము. వీనిని మేము రెండు కుటుంబములుగా విభజించుచున్నాము.

మొదటి కుటుంబమున మాన్యము, సర్వమాన్యము, ఇనాము, మాఫీ, మినహాయింపు అను మాటలున్నవి. మాన్యమునకు మూలము మానము, అనగా గౌరవము. ఒకనిని గౌరవించుట యనగా పన్ను మోపకుండుట యని మన పూర్వుల మాటయే సాక్ష్యమిచ్చుచున్నది. అట్లయిన, పన్ను మోయువానికి గౌరవము లేదని యది చెప్పకయే చెప్పుచున్నది గదా! ఇనామును, మాఫీయును అరబ్బీ మూలము గలవి. ఒకటి బహుమానము, మరియొకటి క్షమాపణము. మినహా యనునదియు ఆ భాషదే. "దానిలోనుండి" యని దాని యర్థము. మొత్తములోనుండి తీసివేయుటయే మినహాయింపు. కాని లెక్క తెలిసిన కరణమును అడిగి చూడుడు. జమాబందిలో రావలసిన మొత్తము మారనప్పుడు ఒకని పద్దున తీసివేసినది మరియొకని పద్దున కలుపక తప్పునా? ఆంధ్రదేశమున ఇనాములను రద్దుచేసిన చట్టము 1956లో వచ్చినది. మాన్యములు రైతువారీలోనికి మారినవి. మాన్యపు మనస్సు మాత్రమింకను మారలేదు.

రోమకుల ప్రాచీన భాషయందును ఇట్టిదే యొక మాట గలదు. "మూనుస్" అనగా పౌరుడు సమాజమునకు చేయవలసిన విధి, చెల్లింపవలసిన ఋణము. ఆ విధినుండి విడువబడినవాడు "ఇమ్మూనిస్". ఆంగ్లమున ఇమ్యూనిటీ యను మాట దీనినుండియే పుట్టినది. అందరితోపాటు విధిని పంచుకొనునది "కొమ్మూనిస్". సంఘమును తెలుపు కమ్యూనిటీ యను మాటకు మూలమిదియే. ఒకే వేరునుండి పుట్టిన రెండు కొమ్మలు! భారమును పంచుకొన్నచో సంఘము, తప్పించుకొన్నచో మినహాయింపు. సంఘముయొక్క ఫలములన్నియు కావలెను, సంఘభారము వలదను కోరిక యెంత విరుద్ధమైనదో యీ రెండు మాటలును ప్రక్కప్రక్కన నిలిచి మనకు బోధించుచున్నవి.

రెండవ కుటుంబమున రక్ష, త్రాణము, అవనము, గోపనము, శరణము, అభయము అను మాటలున్నవి. వీనిలో నెచ్చటను తీసివేత లేదు. గోపనమున గోవుల కాపరి కానవచ్చుచున్నాడు. కాపరి మంద దగ్గర నుండును; ఎండ వచ్చినచో ఆవులకును వచ్చును, వానికిని వచ్చును. శరణమను మాటకు నిఘంటువులలో రెండర్థములు గలవు: ఇల్లు, రక్షించువాడు. ఇల్లు వానను కురియకుండ చేయదు. కురియు వానను తన పైకప్పున మోయును. అభయమనగా భయము లేకుండుట. అపాయము లేకుండుట కాదు. ఈ భేదమును మరువకుడు. అపాయము లేనిచోట అభయమునకు పనియే లేదు.

మన తెలుగు మాటలు మరింత ముచ్చటగా నున్నవి. "కాచు" అను క్రియనుండి కావలి, కాపరి, కాపు అనునవి వచ్చినవి. కాపు అనగా కాచుట. కాపు అనగా పొలము దున్ను రైతు. "ఈ యేడు మామిడి కాపు బాగున్న"దనుటలో కాపు అనగా ఫలము. వీని సంబంధమును వ్యాకరణవేత్తలు తేల్చుకొందురు గాక. తెలుగువాని చెవికి మాత్రమొక్క మాటలోనే కావలియు, సేద్యమును, ఫలమును వినబడుచున్నవి. నిలిచి కాచినవాడే దున్నినవాడు, దున్నినవానికే ఫలము. నాసికలోని పరిహారపు చేనునకు లోపించినదీ కాపే.

కావున పరిహారము వేరు, రక్షణము వేరు. పరిహారమున అధికారి దూరముగా తొలగిపోవును. రక్షణమున రక్షకుడు దగ్గరకు వచ్చును. పరిహారమున భారము మరియొకనిపై పడును. రక్షణమున భారమును రక్షకుడే వహించును. ఈ రెండింటిని కలగాపులగము చేసికొనుటచేతనే మన ధర్మశాస్త్రములును, మన న్యాయములును, మన ప్రార్థనలును చెడిపోయినవని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము.

దీనికి మనుస్మృతి యష్టమాధ్యాయముకంటె మంచి నిదర్శనము లేదు. దొంగతనమునకు శిక్ష చెప్పుచోట స్మృతికర్త ఒక యుత్తమసూత్రమును విధించెను. తెలిసి చేసిన దొంగతనమునకు శూద్రునకు ఎనిమిది రెట్లును, వైశ్యునకు పదునారు రెట్లును, క్షత్రియునకు ముప్పదిరెండు రెట్లును, బ్రాహ్మణునకు అరువదినాలుగు రెట్లును, అంతకంటె నధికముగను దోషమని వ్రాసెను. సామాన్యునకు ఒక కార్షాపణము దండుగ పడుచోట రాజునకు వేయి పడవలెననెను. ఎంత తెలిసిన వానికంత బాధ్యత! ఇంతకంటె న్యాయమేమున్నది? కాని యా యధ్యాయమునందే కొన్ని పుటలు త్రిప్పినచో, ఇతరులకు మరణదండనము పడు నేరమునకు బ్రాహ్మణునకు తల గొరిగించుట చాలునని యున్నది. ఎన్ని పాపములు చేసినను వానిని చంపక, ధనముతో కూడ దేశమునుండి పంపివేయవలెనని యున్నది. ఒక చేతితో అరువదినాలుగు రెట్లు, మరియొక చేతితో పరిహారము! మన సంఘము వేల యేండ్లుగా ఈ రెండు వాక్యములలో దేనిని ఆచరణమున పెట్టినదో మేము చెప్పనక్కరలేదు. గ్రంథమును నిందించుట సులభము. ఆ రెండు వాక్యములును మన మనస్సునందే ప్రక్కప్రక్కన నున్నవని గుర్తించుట కష్టము.

1883వ సంవత్సరమున ఇల్బర్టు అను న్యాయసభ్యుడు ఒక బిల్లును ప్రవేశపెట్టెను. జిల్లాలలోని భారతీయ న్యాయాధికారులు తెల్లవారిని గూడ విచారింపవచ్చునని దాని తాత్పర్యము. తెల్లవారు మండిపడిరి. నల్లవాని యెదుట తాము ముద్దాయిలుగా నిలుచుటయా యని సభలు చేసిరి. తుదకు 1884లో, సగముమందికి తక్కువ కాకుండ యూరోపియనులో అమెరికనులో గల జ్యూరీని కోరు హక్కు తెల్లవారికి మిగిల్చి, ఆ చట్టమును నీరుకార్చిరి. దేశమునందలి విద్యావంతులు దీనికి క్రుద్ధులైరి, న్యాయముగనే క్రుద్ధులైరి. కాని ఆ పత్రికలను చదివి క్రుద్ధులైన పెద్దమనుష్యులు తమ గ్రామమునకు తిరిగి వచ్చినప్పుడు, తమ యింటివానిపై మాలవాడు ఫిర్యాదు చేసినచో నేమి చేసిరి? తెల్లవాని పరిహారము అన్యాయమని తెలిసికొన్న కన్ను తన పరిహారమును చూడలేకపోయెను. ఈ రోగము వారితో పోలేదు. మనకును సంక్రమించినది.

స్వతంత్రభారతమున రాజ్యాంగముయొక్క 14వ యధికరణము చట్టము నెదుట నందరును సమానులని చెప్పినది. ఐనను మినహాయింపులు లేకపోలేదు. రాష్ట్రపతిపై గాని గవర్నరుపై గాని పదవిలో నున్నంతకాలము క్రిమినలు వ్యవహారము నడపరాదని 361వ యధికరణము చెప్పుచున్నది. అది మనుష్యునకు గాక పదవికిచ్చిన కాపుదల. పదవి దిగిన దినమున తొలగిపోవును. చట్టసభలలో పలికిన మాటకును, ఇచ్చిన వోటునకును సభ్యుని న్యాయస్థానమునకు ఈడ్వరాదని 105, 194 అధికరణములు చెప్పుచున్నవి. నిర్భయముగా ప్రజలపక్షమున పలుకుటకై యిచ్చిన యీ యభయమును, లంచము పుచ్చుకొని వోటు వేసినవానికి గూడ కవచముగా నన్వయించిన తీర్పొకటి 1998లో వెలువడెను. 2024 మార్చి 4వ తేదీన ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని త్రోసిపుచ్చి, లంచమునకు సభాహక్కు అడ్డము రాదని తేల్చినది. రక్షణముగా పుట్టినది పరిహారముగా మారుటకు ఎంతో కాలము పట్టదనియు, దానిని మరల సరిదిద్దుటకు ఇరువదియారు సంవత్సరములు పట్టుననియు నిందువలన నేర్చుకొందము.

అట్లయిన సమస్తమైన మినహాయింపులును పాపములేనా యని మీలో నెవరైన అడుగవచ్చును. కావు. పసిబిడ్డను బరువు మోయుమనము. గర్భవతిని, రోగిని, వృద్ధుని, నిరుపేదను అందరితో సమానముగా మోయుమనుట క్రౌర్యము. బలహీనుని భారమును బలవంతుడు మోసినచో, అట్టి మినహాయింపు రక్షణమే. బలవంతుని భారమును బలహీనునిపై నెట్టినచో, దానికెంత మంచి పేరు పెట్టినను అది దోపిడియే. భారము క్రిందనుండి పైకి పోవుచున్నదా, పైనుండి క్రిందికి జారుచున్నదా యని చూడుడు. ఈ యొక్క పరీక్ష చాలును.

ఇప్పుడు దేహమును గూర్చి కొంచెము చెప్పెదము. వైద్యులు ఇమ్యూనిటీ యను మాటను న్యాయశాస్త్రమునుండి యెరువు తెచ్చుకొనిరి. తెలుగున దీనిని రోగనిరోధకశక్తి యనుచున్నాము. మాట ఒక్కటియే యైనను లోపలి పని పూర్తిగా తారుమారైనది. న్యాయమునందు మినహాయింపు గలవాడు భారమును ఎన్నడును మోయనివాడు. దేహమునందు రోగనిరోధకశక్తి గలవాడు ఆ రోగమును ఒకమారు మోసి చూచినవాడు. లేదా టీకా ద్వారా దాని నీడనైనను ఎదుర్కొన్నవాడు. 1796లో ఎడ్వర్డు జెన్నరు గోమశూచికపు రసముతో చేసిన పరీక్షకు ఆధారమిదియే. చిన్నదానిని మోసిన దేహము పెద్దదానిని ఎదిరించును.

మరియొక విశేషమున్నది. టీకా వేయించుకొన్నవాడు తన్ను మాత్రమే రక్షించుకొనడు. పొంగుచల్లవంటి తీవ్రమైన అంటువ్యాధి విషయమున, నూటికి 95 మందికి రక్షణ గలిగినచో, టీకా వేయుటకు వీలుపడని శిశువును, దుర్బలరోగిని గూడ ఆ వ్యాధి చేరజాలదు. పదిమంది తమ భుజమున సూదిపోటు పడుటచే పదునొకండవవాడు బ్రతుకుచున్నాడు. తల్లి తన జన్మమున పడిన రోగములనుండి సంపాదించిన నిరోధకశక్తిని గర్భమునందును, స్తన్యమునందును బిడ్డకు పంచి, తొలినెలలలో వానిని కాపాడుచున్నది. సృష్టికర్త మన రక్తమున వ్రాసిన పరిహారశాసనమిది! రాజుల శాసనమున ఒకడు సుఖపడుటకు పదిమంది మోసిరి. ఈ శాసనమున ఒకరు మోసిన దానిచే పదిమంది సుఖపడుచున్నారు.

ఇచ్చట మా స్వవిషయమొకటి చెప్పక తప్పదు. మా బాల్యము గోదావరి లంకలలోని యొక చిన్న యూర గడిచినది. మా మేనత్తకు పసితనముననే మశూచికము సోకి, ముఖమంతయు మచ్చలు మిగిల్చి పోయెను. పదునాలుగవ యేట ఆమెకు వైధవ్యము ప్రాప్తించెను. ఊర మశూచికము పొడసూపినప్పుడెల్ల ద్వారములకు వేపమండలు కట్టి, ఇరుగుపొరుగువారు తలుపులు మూసికొనెడివారు. అప్పుడు కబురు వచ్చునది మా యత్తకే. ఆమెకది మరల రాదని అందరికిని తెలియును. ఆమె పోయి, రాత్రులు మేల్కొని, వేపరెమ్మలతో విసరుచు, పుండ్లు తుడుచుచు, ఇతరుల బిడ్డలను కాచెడిది. ఏ యింట బిడ్డను కాచెనో ఆ యింటివారే, తెల్లవారి ప్రయాణమై పోవునప్పుడు ఆమె యెదురైనచో వెనుకకు మరలి కాళ్లు కడుగుకొనెడివారు.

మా యక్కకు వివాహమైన దినమున, ముహూర్తము ముగియువరకు మా యత్తను కొట్టుగదిలో కూర్చుండబెట్టిరి. విస్తరిలో అన్నము వడ్డించి ఆమెకు తీసికొనిపోయినది మేమే. అప్పటికి మాకు పదునారేండ్లు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించిన సంగతి మాకు తెలియును. దానిపై పాఠశాలలో ఉపన్యసించి బహుమానము గూడ పొందియుంటిమి. ఐనను ఆ దినమున మా నోట నొక్క మాట వెడలలేదు. విస్తరి ఆమె ముందర పెట్టి తలవంచుకొని నిలిచితిమి. కొంతకాలమైన పిమ్మట, "అత్తా, ఆనాడు నీకు కోపము రాలేదా?" యని యడిగితిమి. ఆమె నవ్వి, "ఎందుకు రాదురా నాయనా? నాకు మళ్లీ రానిది అమ్మవారొక్కటే" అన్నది.

ఆ మాట యిప్పటికిని మా చెవులలో మ్రోగుచున్నది. మా యత్తకు దేహమున నిరోధకశక్తి గలదు. దానిని ఆమె సొంత బాధతో కొని, ఊరికి పంచిపెట్టెను. మాకు సంఘమున మినహాయింపు గలదు. దానిని మేము పుట్టుకతో ఉచితముగా పొంది, మా కొరకే దాచుకొంటిమి. మా తండ్రిగారికి భార్య గతించినచో ఏ కొట్టుగదియు లేదు. సంవత్సరము తిరుగకముందే పీటలపై కూర్చుండవచ్చును. ఆ మినహాయింపు మూల్యమును చెల్లించినది మా యత్త. భారతదేశమున మశూచికము 1975తో నంతరించినది. లోకమంతటను అది నశించెనని 1980 మే 8వ తేదీన ప్రపంచారోగ్యసభ ప్రకటించినది. ఆ వార్త చదివిన దినమున మాకు స్మరణకు వచ్చినది మా యత్త ముఖమే. టీకా వేసిన వేలకొలది చేతులతోపాటు అట్టి చేతులును ఆ రోగముతో పోరాడినవి. వానికి శాసనములు లేవు.

సోదరులారా, మనము చదువుకొన్నవారము, సంస్కారప్రియులము. ఇతరుల మూఢాచారములను చూచి నవ్వుచున్నాము. మన మాన్యములను మాత్రము లెక్కించి చూచుకొన్నామా? మన యింటి మలినము ఎక్కడికి పోవుచున్నదో, మురుగుగుంటలోనికి ఎవడు దిగుచున్నాడో మనకు తెలియదు. ఆ పని చేతులతో చేయించుటను నిషేధించుచు 1993లో నొక చట్టమును, 2013లో మరియొక చట్టమును వచ్చినవి. ఐనను మనుష్యులు ఆ గుంటలలో ఊపిరాడక మరణించుట మానలేదు. మన మినహాయింపు అచ్చట వ్రాయబడియున్నది. వంటయింట పనిమనిషికి వేరుగా పెట్టిన గ్లాసున వ్రాయబడియున్నది. ఇంటిలో నందరును భుజించిన తరువాత చల్లారిన యన్నము తిను కోడలి కంచమున వ్రాయబడియున్నది. రాగిరేకులను చదువుటకు లిపిశాస్త్రము కావలెను. వీనిని చదువుటకు కొంచెము సిగ్గు చాలును.

ఇక ప్రార్థన మాట. దోషపరిహారమునకై మనవారు హోమములు చేయింతురు, మ్రొక్కులు మ్రొక్కుదురు, కానుకలు వేయుదురు. మనము వానిని చేయుట లేదని గర్వించుచున్నాము. కాని కన్నులు మూసికొని "ప్రభూ, ఈ కష్టము నాకు రాకుండ చేయుము" అని మనము వేడునప్పుడు, మన ప్రార్థనకును ఆ మ్రొక్కునకును భేదమెంత? వరద వచ్చును; మా యిల్లు తప్ప మునుగుగాక. రోగము వచ్చును, మా బిడ్డను తప్ప తాకుగాక. పైకి ఇట్లు చెప్పము గాని, లోపలి యర్థమిదియే. ఇది భగవంతుని మినహాయింపుల నిచ్చు రాజుగా భావించుట. ఆయన కొందరికి సర్వమాన్యములిచ్చి తక్కినవారిచే వెట్టిచేయించు ప్రభువు కాడు. సూర్యుని, వర్షమును ఎవనికిని మినహాయింపక పంచినవాడు, దుఃఖమునుండి మాత్రము కొందరిని మినహాయించునా?

మరి యాయనను ఏమి యడుగవలెను? అభయమును అడుగవలెను. శరణమును అడుగవలెను. ఎండలో మంద వెంట నడచు కాపరివలె మన ప్రక్కన నుండుమని వేడవలెను. బిడ్డను కోల్పోయిన తల్లికి "నీకేల యీ మినహాయింపు దొరకలేదు?" అను ప్రశ్నకు సమాధానము మా యొద్ద లేదు; ఉన్నదని చెప్పువారిని మేము నమ్మము. కాని యా తల్లి ప్రక్కన పోయి కూర్చుండుట మనకు సాధ్యము. మేమెరిగినంతవరకు భగవంతుని రక్షణ అట్లే వచ్చుచున్నది. మచ్చల ముఖముతో, వేపరెమ్మతో, పిలిచినంతనే అర్ధరాత్రి బయలుదేరిన మనుష్యుని రూపమున నది వచ్చుచున్నది.

కావున ఈ సభనుండి వెడలునప్పుడు ఒక్క పని చేయుదమని మిమ్ము కోరుచున్నాము. ప్రతివాడును రాత్రి నిద్రించుటకు ముందు, తాను పుట్టుకచే గాని, ధనముచే గాని, పురుషుడగుటచే గాని అనుభవించుచున్న మినహాయింపును ఒక్కదానిని కాగితముపై వ్రాసికొని, దాని క్రింద ఆ భారమును మోయుచున్న మనుష్యుని పేరు వ్రాయవలెను. పేరు తెలియనిచో తెలిసికొనవలెను. తెలిసిన పిమ్మట ఆ భారములో కొంతయైనను మరునాడే తన భుజమునకు మార్చుకొనవలెను. మేమును వ్రాసితిమి. మా కాగితముపై నున్న పేరుగలామె ఇప్పుడు లేదు. ఆ ఋణమును ఆమెకు తీర్చు నవకాశమును మేము పోగొట్టుకొంటిమి. మీలో ననేకుల కాగితములపై నుండు పేర్లు ఇంకను సజీవులవి. ఆలస్యము చేయకుడు.

పరమేశ్వరా! మాకు మాన్యములు వలదు. ఇతరుల వీపుపై వ్రాయబడిన మినహాయింపులను మాచే విడిపింపుము. రావలసిన కష్టము మాకును రానిమ్ము. వచ్చినప్పుడు నీవు మా దగ్గర నుండుము. మేము మోసి నేర్చినదానిని మోయలేనివారికి పంచు బుద్ధినిమ్ము. మూసిన తలుపుల వెనుక కూర్చున్నవారిని చూచియు మౌనము వహించిన మా దోషమునకు, ఆ తలుపులు తెరచుటకంటె వేరు పరిహారము లేదని మాకు బోధింపుము. నీ యభయము మమ్ము బీడుపడిన చేనుగా గాక, కాపుగల పొలముగా చేయుగాక.

ఓం శాంతిః శాంతిః శాంతిః.